నిఖిత లిస్టులోంచి తీసేసిన మూడు కాలేజీలు

నా పేరు కొల్లూరి బాలత్రిపురసుందరి. వయసు నలభై ఆరేళ్లు. సొంతూరు తెనాలి. అబుదాబిలో ముసఫ్ఫా శాబియాలో కాపురం. ఒక క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా పనిచేస్తున్నాను. నేను తెలుగులో చెబుతుంటే ఈ పోలీస్ స్టేషన్ దుబాసీ నూర్ మొహమ్మద్ గారు మీకు అరబ్బీలో చెబుతున్నారు. ఆయనది నిజామాబాద్. నా భర్త మల్లికార్జునరావు తల పగలగొట్టింది నేనే. ఇనప దోసెల పెనంతో కొట్టాను. కొట్టానని మాత్రం రాసుకుంటే చాలదు, ఎందుకో కూడా రాసుకోండి.

మా అమ్మాయి నిఖిత పన్నెండో తరగతి. కంప్యూటర్ సైన్స్ చదవాలని దాని కోరిక. అక్టోబరులో స్కూలు కౌన్సెలర్ శ్రీదుర్గ గారు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి కాలేజీల లిస్టు రాయించారు. "కాలేజీ పేరు చూసి మురిసిపోకండి. ఆ ఒక్క బ్రాంచికి ఎంతమంది ఎగబడుతున్నారో చూడండి. నిఖిత మార్కులకి కూడా అక్కడ గ్యారంటీ లేదండీ" అన్నారావిడ. అందుకని ఆశకొద్దీ నాలుగు, దాని మార్కులకి సరిపోయేవి రెండు, తప్పకుండా సీటొచ్చేవి మూడు పెట్టించారు. ఆ మూడింట్లో దుబాయ్ క్యాంపస్ నిఖితకి బాగా నచ్చింది. వారం వారం ఇంటికొచ్చి పప్పుచారు తినిపోతానంది.

నా భర్త ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ప్లానింగ్ ఇంజినీరు. ఆ మూడూ ఆయనకి నామోషీ. "మా మేనేజరు కొడుకు లండన్ అంటుంటే, నా కూతురు బస్సెక్కి దుబాయ్ వెళ్తుందని చెప్పుకోనా?" అన్నారు. ఫీజు ఆయన కార్డుతో కట్టాలి కాబట్టి అప్లికేషన్లు ఆయనే పంపారు. ముహూర్తం చూసి, దీపం పెట్టి, తలుపేసుకుని పంపారు. ఎక్కడెక్కడికి పంపామో ఎవరికీ చెప్పొద్దన్నారు, దిష్టి తగులుతుందట. స్కూలుకి కూడా చెప్పొద్దన్నారు. నాకూ దిష్టంటే భయమే. శ్రీదుర్గ గారు ఫోన్ చేసి అడిగితే, అన్నీ పంపేశామండీ అని పెట్టేశాను.

ఫిబ్రవరి నుంచి ఒక్కొక్కటే కాదంటూ వచ్చాయి. ఆరూ కాదన్నాయి. పిల్ల ఏడవలేదు. "ఇంకా మూడున్నాయిగా అమ్మా" అంది. వచ్చిన ప్రతిసారీ అదే మాట. ఇంకా మూడున్నాయిగా. ఆయన పక్కనే కూర్చుని ఫోన్ చూసుకునేవారు.

ఈరోజు శుక్రవారం, 2024 మార్చి 22. రంజాన్ కాబట్టి ఆయన తొందరగా వచ్చేశారు. సాయంత్రం నాలుగున్నరకి నిఖిత దుబాయ్ క్యాంపస్‌కి ఫోన్ చేసింది. నీ పేరుతో అప్లికేషనే రాలేదు, గడువు కూడా దాటిపోయింది అన్నారు. మిగతా రెండు చోట్లకీ చేస్తే అదే మాట. హాల్లోకి వచ్చి, "నాన్నా, ఆ మూడూ పంపలేదా?" అని అడిగింది.

"పంపలేదు. ఆరు చోట్ల చేతకాక పోగొట్టుకుని నన్నడుగుతావేంటే?"

"నా చదువు మీరే నాశనం చేశారు" అంది.

ఆయన లాప్‌టాప్ ఛార్జరు వైరు మడిచి కొట్టారు. వీపు మీద, చేతుల మీద. పిల్ల సోఫా వెనక దూరితే జుట్టు పట్టి బయటికి లాగి కొట్టారు. వైరు చివర అడాప్టరు తగిలి కంటి పైన చీరుకుపోయింది. "చచ్చిపోతుందండీ, ఆపండి" అని కాళ్ల మీద పడ్డాను. నన్ను పొట్టలో తన్నారు. అప్పుడు వంటింట్లోకి వెళ్లాను. దోసెలు పోద్దామని పెనం పొయ్యి మీద పెట్టాను, ఇంకా వెలిగించలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఆయన ఆగలేదు. రెండోది తల మీద వేశాను, కూలిపోయారు. మూడోది ఎత్తితే నిఖిత నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోకపోతే వేసేదాన్నే. అంబులెన్సుకి నేనే ఫోన్ చేశాను.

బాత్‌రూంలో జారిపడ్డానని ఆయన ఆసుపత్రిలో చెప్పారట. పిల్ల కూడా అక్కడే జారిపడిందట. ఒకే బాత్‌రూంలో ఇద్దరూ! ఛీ, ఇంకా పరువే కావలసొచ్చింది. నూర్ మొహమ్మద్ గారు కూడా ఇందాక నా మంచికే అన్నారు: "అమ్మా, ఆయననే పడ్డ అంటుండు గదా, నువ్వు గూడ గంతే అను. ఖలాస్, ఇంటికి పో. లేకుంటే వీసా పోతది."

నేను అలా అనను. ఆయన పడ్డారని నేనంటే నా కూతురూ పడ్డట్టే. రేపు అది నోరు తెరిచినా, మీ అమ్మే అలా చెప్పిందిగా అంటారు. నన్ను జైల్లో పెట్టండి, ఇండియా పంపించేయండి. వాతలు తగ్గిపోకముందే పిల్ల వీపు ఫోటోలు తీయించండి. లేడీ పోలీసుతో తీయించండి, దానికి సిగ్గు.

పైన రాసిందంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. ఒక్క మాట కూడా ఎవరూ చెప్పించింది కాదు, జరిగిందే చెప్పాను. కుడి మణికట్టు వాచి సంతకం రావడం లేదు కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(వేలిముద్ర)
కొల్లూరి బాలత్రిపురసుందరి, నిఖిత తల్లి