ఆపిల్ మీది మైనం

"ఒక్క నిమిషం వీడియో బిడ్డా, ఒక్క నిమిషం. నువ్వు ల్యాబుల పనిచేస్తవ్, నీ మాటైతే నమ్ముతరు."

"ముందుగాల చాయ్ తాగు రాజమల్లు కాకా. చల్లారుతాంది."

హనుమకొండలో సారయ్య ఇంటి గడప పండ్ల వ్యాపారి రాజమల్లు మూడేళ్ల తర్వాత తొక్కాడు. ఎదురుగా సారయ్య కూతురు తేజస్వి. ఆహార పరీక్షల ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం. వాడిపోయిన అతని ముఖాన్ని తనివితీరా చూస్తోంది.

"చాయ్ తర్వాత తాగుత. దుకాణంల ఈగలు తోలుకుంటాన. నేను లేనప్పుడు ఎవడో మాస్కు పెట్టుకొని వచ్చి, నా ఆపిల్‌ను చాకుతోని గీకిండు. తెల్లగ పొట్టు రాలింది. గంతే, వరంగలంత అదే వీడియో."

"వీడియోల ఏమన్నడు?"

"ఏమన్లే. గీకిండు, చూపెట్టిండు. కొవ్వొత్తి మైనమని చూసినోళ్లే అంటాండ్లు."

"మరి అది ఏం మైనం?"

"నీకు తెల్వదా?"

"నీ నోటితోని చెప్పు."

"చెట్టుది. బ్రెజిల్ దేశంల తాటాకసొంటి ఆకుల మీద ఉంటదట. పండు మెరువాలె, వాడిపోవద్దని పూస్తరు. తినొచ్చు. సర్కారే ఒప్పుకున్నది."

"మూడేండ్ల కింద నువ్వు మా దుకాణంల ఆపిల్ గీకి వీడియో పెట్టిన నాడు గీ ముచ్చట చెప్పలేదేంది? క్యాన్సర్ వస్తదన్నవ్."

"అప్పుడు నాకు తెల్వకపాయె..."

"కాకా."

"ఒట్టు బిడ్డా, తెల్వదు..."

"నువ్వు, మా నాయిన ఒక్క లారీ సరుకే పంచుకునేటోళ్లు. మా ఆపిల్ మీద కొవ్వొత్తి, నీ ఆపిల్ మీద చెట్టు మైనమా?"

"తెలుసు! తెలుసు, సరేనా? మీ గిరాకీ చూసి కండ్లు మండినయ్."

"జనం ఆపిల్స్ తెచ్చి నాయిన మొకాన కొట్టిండ్రు. ఆనాటి సంది ఆయన బజార్ల తలెత్తి నడువలే. మా దుకాణం మూతపడ్డంక గా మడిగెలనే నువ్వు దుకాణం తెరిచినవ్."

"తప్పైంది. కాళ్లు మొక్కుత. చెట్టుదేనని జర ఒక్క మాట చెప్పు."

"చెప్ప."

"అబద్ధం చెప్పమంటలేను గద! నిజమే చెప్పమంటాన!"

"నిజం చెప్పనీకి నీకు నోరు లేదా?"

"నన్నెవరు నమ్ముతరు? నా పాత వీడియో బయటికి తీసి తిప్పుతాండ్లు... నువ్వొద్దు. నీతోని కాదు. మీ నాయినను పిలువు. సారన్న మెత్తనోడు, ఎవ్వర్ని ఒక్క మాట అననోడు. ఆయన కాడ మొత్తుకుంట."

"నాయిన లోపటనే ఉన్నడు. అన్ని ఇంటాండు."

"సారన్నా! ఓ సారన్నా! జర బయటికి రాయే! నీ బిడ్డ మనసు బండైంది. నువ్వైతే ఇట్ల చేస్తవా?"

"అరువకు కాకా. నీ ఆపిల్ గీకింది ఆయననే. ఫోను పట్టుకున్నది నేను."