కింద పడని బంతి

మిర్యాలగూడ బస్టాండు పక్కన అచ్చమ్మ చాయ్ కొట్టు. హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్ లక్ష్మీకాంతమ్మ టీచర్ చాయ్ తాగుతూ వాపోయింది. నెట్‌బాల్ నేర్పే సారు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. వచ్చే వారం కోదాడ పిల్లలతో మ్యాచ్. గెలిస్తేనే తన పిల్లలు సూర్యాపేట టోర్నమెంటుకు పోతారు. అంతే, బెంచీ మీదున్న ఉప్పలయ్య గ్లాసు పక్కన పెట్టాడు.

"నేనుండంగ మీకేం పరేషాన్ మేడం? నన్ను కోచ్‌గ పెట్టుకోండ్రి. పోయినేడు మాడుగులపల్లి పిల్లలకు నేర్పింది ఎవరనుకున్నరు? రింగుకు తగిలి ఎగిరొచ్చే బంతిని పట్టుడే వాళ్లకు రాకపోతుండె. బంతి ఒకదిక్కు, చేతులొకదిక్కు. 'బిడ్డా, బంతి కన్నా ముందు జాగ పట్టాలె, అవతలి పిల్ల కన్నా ముందల నిలబడాలె, అప్పుడు ఎగరాలె' అని జెప్పిన. కుదిరింది."

"గది నిజమే గావొచ్చు" అంది అచ్చమ్మ, చాయ్ వడబోస్తూ.

"గావొచ్చు ఏందమ్మా! ఆ తర్వాత ఏం జేసిన్నో తెలుసా? రైస్‌మిల్లు డాబా ఎక్కి టమాటలు ఇసిరిన. పట్టినోళ్లకు టమాట, పట్టనోళ్లకు నెత్తి మీద పచ్చడి. ఇగ సూడు, కొన్నాళ్లకు పిల్లలు డాబా మీదికే ఎగిరి నా గంప గుంజుకపోయిండ్రు! మంగ్లీ అని ఒక పిల్ల ఉండె. ఒకనాడు ఎగిరింది మేడం, దిగదే! 'ఏం కనపడుతుందే?' అని కిందికెల్లి అడిగిన. 'సార్, సాగర్ గేట్లు ఎత్తుతున్నరు' అన్నది. నేను ఫోన్ గొడితే హాలియా రైతులు నారు పోసుకున్నరు!"

"ఇంతకూ దిగిందా?" టీచర్ నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఆకలైనంక దిగింది. ఇగ అప్పుడు గీ కోదాడతోనే అయిన మ్యాచ్ సంగతి ఇనుండ్రి. మావోళ్లు ఏసిన బంతి రింగుకు తగిలి లేసుడు, మంగ్లీ గాల్లోనే అందుకునుడు, మళ్ల ఏసుడు, మళ్ల లేసుడు, మళ్ల అందుకునుడు! ఆట మొదలైన కాడికెల్లి ఖతం అయ్యేదాంక బంతికి మట్టి అంటలే. కోదాడ పిల్లలు ఏం జేయాల్నో తెల్వక కూసోని జడలేసుకున్నరు!"

అచ్చమ్మ చాయ్ గిన్నె దించింది.

"అన్నా, ఏసినప్పుడల్లా లేసొచ్చిందంటే, ఏసినప్పుడల్లా రింగుల పడలేదన్నట్టే గదా. మరి గోల్స్ ఎన్నయినయి?"

ఉప్పలయ్య పక్కన పెట్టిన గ్లాసు మళ్లీ అందుకున్నాడు.

"గోల్ ఏసుడు నేర్పే సారు... వేరే ఉండె."

బెంచీ మీదున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. లక్ష్మీకాంతమ్మ టీచర్ మాత్రం నవ్వలేదు. గ్లాసు పెట్టి లేచింది.

"ఉప్పలయ్య గారూ, మీకు కోచ్ పని ఖాయం. రేపు పొద్దున్నే బయల్దేరి పోయి కోదాడ పిల్లలకు నేర్పండ్రి. బస్ కిరాయి నేనిస్త."