మళ్లీ పచ్చబడ్డ కండ్లు

అశోక్‌నగర్‌లో, గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్ల హాస్టల్ మెట్లు. ఊరి నుంచి అక్క రోజా వచ్చింది, సీసాలో పసరుతో, ఏడో నెల కడుపుతో, దాన్ని మించిన కోపంతో. ఎదురుగా తమ్ముడు కుమారస్వామి.

“తాగుతవా, ముక్కు మూసి పొయ్యాల్నా?”

“తాగనక్కా.”

“మూడేండ్ల బిడ్డను మా అత్త మీద పడేసి, ఈ కడుపేసుకొని బస్సెక్కి వచ్చిన్రా. ఎవలి కోసం? పసరు నూరిచ్చిన బీరమ్మ పరగడుపున పొయ్యమన్నది. పట్టు!”

“బీరమ్మ పేరెత్తకు. మండుతది నాకు.”

“ఏం, పోయినసారి తగ్గలేదా? అంతకుముందు తగ్గలేదా?”

“తగ్గితే మళ్లెందుకొచ్చినయే కామెర్లు?”

“చిక్కడపల్లిల బండి మీద మిర్చిలు తింటే రావా? ఈ హాస్టల్ నీళ్లు తాగితే రావా? ఏడి మీ ఓనరు? ట్యాంకి ఎన్నడన్న కడిగిండా అడుగుత. పిలువు!”

“జర మెల్లగ. అందరు చూస్తున్నరు.”

“చూడనీ!”

“నీళ్లతోటి వచ్చేది వేరే. అది ఒచ్చి పోతది. నాది పోనే పోలే.”

“పోలేదేంది? కండ్లు తెల్లగయినయ్. పత్యం ఇడిసినవ్. నేనే కూర వండి పెట్టిన.”

“కండ్లు తెల్లగయితే పోయిందనుకున్నం. అదే మన తప్పు. వైరస్ లివర్ల అట్లనే ఉన్నది. నారాయణగూడల డాక్టరమ్మ రక్తం చూసి చెప్పింది. హెపటైటిస్ బి అంట.”

“ఎన్నడు చూపిచ్చుకున్నవ్?”

“మొన్న.”

“మొన్నంటే?”

“మొన్నంటే… సమ్మె మొదలైనప్పుడు. బస్సులు బందయినయి గదా, అప్పుడు.”

“అంటే దసరాకు ముందే! మరి దీపావళికి ఇంటికొచ్చి, నా ఎదురుంగ కూసొని తిన్నవ్. నోరు తెరవలే?”

“తెరిస్తే ఏమైతది? ఈడ రూమోళ్లకు చెప్పిన. నా కంచం బయట పెట్టిండ్రు. కలిసి తింటే అంటుకోదురా అని చెప్పినా ఇనలే.”

“ఎవడాడు? పిలువు వాన్ని! వాని కంచం రోడ్డు మీద పడేస్త… ఒరేయ్, అయితే ఎట్ల? బతుకుతవా?”

“బతుకుత. గోలీలు రాసింది, ఇడువకుండ వేసుకోవాలె. ఎప్పటికప్పుడు రక్తం చూపిచ్చుకోవాలె. మందు ముట్టొద్దు. పసరు అసలే వద్దు, ఉన్న లివర్‌ను అదే ఖరాబు చేస్తదన్నది.”

“ఎట్లొచ్చిందిరా నీకు? ఏం పాడు తిరుగుళ్లు తిరిగినవ్ ఈ పట్నంల?”

“గట్లనకు!”

“అంట! నీళ్లు గాదంటివి, తిండి గాదంటివి. మరెట్లొచ్చింది?”

“అమ్మ ఎట్ల పోయింది?”

“అమ్మ ముచ్చట ఇప్పుడెందుకు? కడుపుల నీళ్లు చేరి పోయింది. ఎవలో మందు పెట్టిండ్రు.”

“ఎవ్వలు పెట్టలే. ఇదే రోగమై ఉంటదన్నది డాక్టరమ్మ. కాన్పుల తల్లి నుంచి బిడ్డకొస్తదంట.”

“నాకేం లేదు. నాకెన్నడు కామెర్లు రాలే.”

“రాకున్నా లోపల ఉండొచ్చక్కా. అందుకే ఇన్నొద్దులు నోరు రాలే. మీ అత్తోళ్లు నిన్నేమంటరో అని…”

“నువ్వేం మాట్లాడుతున్నవో నీకన్న తెలుస్తుందా?”

“కొట్టు, తిట్టు, కానీ ఈ దినమే రక్తం చూపిచ్చుకో. ఉన్నా భయం లేదు. బిడ్డ పుట్టంగనే సూదులేస్తరు, దానికి రాకుండ.”

“పుట్టంగనేనా?”

“ఆ. పుట్టిన దినమే వెయ్యాలె.”

“మరి ఇంటికాడున్న నా బిడ్డకు ఎవడేసిండ్రా?”