సంఘం గదిలో పెద్ద తెర

(కడియంలో నర్సరీ కూలీల సంఘం గది. ఆదివారం మధ్యాహ్నం. బల్ల మీద పాత కంప్యూటరు, కింద విప్పని పెద్ద మానిటర్ పెట్టె. సంఘం కార్యదర్శి జ్ఞానమ్మ, కంప్యూటర్లు బాగుచేసే వీరబ్రహ్మం. గుమ్మంలో పీట మీద వీరవేణి కాపలా.)

"నేను చీటీ మీద రాసిచ్చింది ఇరవై నాలుగంగుళాలు కదండీ, జ్ఞానమ్మ గారూ."

"అవును బ్రహ్మం. అందుకే ముప్పై రెండు తెచ్చాను."

"అందుకేనా?"

"ఇరవై నాలుగు అన్నావంటే అందులో నీకేదో ఉంటుందనుకున్నాను. రాజమండ్రి వెళ్ళి, నీకు తెలీని కొట్లో, నీకు తెలీని మనిషి దగ్గర కొన్నాను."

"నాకేం ఉంటుందండి. ఈ కంప్యూటరు పన్నెండేళ్ళ నాటిది. వెనక చూడండి, ఈ నీలం సాకెట్టు ఒక్కటే దీనికి దారి. మీరు తెచ్చిన దానికి ఆ సాకెట్టే లేదు. ఇరవై నాలుగులో అయితే ఇదీ అదీ రెండూ ఉన్న మోడలుందని రాసిచ్చాను."

"ఆ కొట్టాయన ఏ కంప్యూటరుకైనా పడతదన్నాడు."

"అమ్మేవాడు పడదని ఎందుకంటాడండి?"

"అదే నేనూ అనేది. అమ్మేవాణ్ణి నమ్మకూడదు. బాగుచేసేవాణ్ణీ నమ్మకూడదు."

"వదినా, టీ చెప్పి రానా?"

"గుమ్మంలోంచి కదలకు వేణీ. ఎవరన్నా వస్తే చెప్పు."

"ఆదివారం పూట ఎవరొస్తారొదినా, కుక్క తప్ప."

"కుక్కొచ్చినా చెప్పు."

"పెట్టె విప్పమంటారా జ్ఞానమ్మ గారూ, తిరిగి ఇచ్చేసొస్తారా?"

"విప్పు. నా ముందు విప్పు."

"గంట నుంచీ మీ ముందే ఉన్నానండి. అయినా ఇంత పెద్దది దేనికి? సినిమాలేస్తారా?"

"మీటింగులో వెనక బెంచీ మీద కూర్చున్న ముసల్దానిక్కూడా సంఘం కాగితంలో తన పేరు కనపడాలి. ఇన్నాళ్ళూ నేను చదివేదాన్ని, వాళ్ళు వినేవాళ్ళు. పేరు ఉందో లేదో నా మాటే గతి. అదేం సంఘం? నన్ను నమ్మక్కర్లేదు, మీ కళ్ళతో మీరు చూసుకోండి అనాలి నేను. ఆ పాతదాంట్లో ఏం చూస్తారు, కుడి పక్కంతా నాలుగు వేళ్ళ వెడల్పున నల్లపట్టీ."

"ఆ పట్టీ సంగతి రెండేళ్ళ కిందటే చెప్పాను. మార్చెయ్యండని."

"నీకు అన్నీ తెలుసు. అదే నా బాధ."

"సరే. ఈ రెండిటికీ మధ్యలో మార్పిడి డబ్బా ఒకటి పెట్టాలి. నా సంచిలో ఉంది."

"అప్పుడే ఉందా? ముందే తెచ్చుకున్నావా?"

"పెద్ద మానిటర్ కొన్నారని వేణి గారు ఫోన్లో చెప్పారు కదండి."

"చెప్పావా వేణీ?"

"పెద్దది అన్నానొదినా. అంతే. అదీ చెప్పకూడదా?"

"దీనికి ఈ తోకేంటి బ్రహ్మం? పెన్ డ్రైవు పెట్టే బొక్కలో పెడుతున్నావేంటి?"

"ఈ డబ్బాకి కరెంటు కావాలండి. ఆ బొక్కలోంచే లాక్కుంటుంది."

"లాక్కునేది కరెంటేనా?"

"జ్ఞానమ్మ గారూ, అడగదల్చుకుంది అడిగెయ్యండి. వచ్చిన దగ్గర్నుంచీ చుట్టూ తిరుగుతున్నారు."

"అడుగుతా. పోయిన నెల ఈ కంప్యూటరు నీ కొట్లో రెండ్రోజులుంది."

"ఉంది. పవర్ డబ్బా కాలిపోయింది, మార్చాను."

"అది తిరిగొచ్చిన వారంలోనే పెద్దతోట నర్సరీ గేటు దగ్గర మా వాళ్ళు ముగ్గుర్ని ఆపేశారు. మేస్త్రి గణేష్‌బాబు కాగితం చూసి చదివాడు. నీకు పన్లేదు, నీకు పన్లేదు, నీకు పన్లేదు. ముగ్గురూ అర్జీకి ముందుగా ఒప్పుకున్నవాళ్ళే."

"ఏ అర్జీ అండి?"

"తెలీనట్టు అడక్కు."

"తెలీదు కాబట్టే అడుగుతున్నా."

"పురుగుమందు కలిపేవాళ్ళకి చేతి తొడుగులివ్వాలని. లేబరాఫీసుకి. మా వీరదుర్గ చేతులు చూశావా? తోలు ఊడిపోయి అన్నం కలుపుకోలేకపోతోంది. చెంచాతో తింటోంది, కలెక్టరమ్మలాగా."

"అయ్యో. కానీ ఆ ముగ్గురి పేర్లు కూలీల్లోనే ఎవరన్నా మేస్త్రి చెవిన వేసుండొచ్చు కదండి?"

"వెయ్యలేరు. తోటలో మాకు మేం పనిచేసే మడి పేర్లే. క్రోటన్ల చిన్నమ్మలు, గులాబీల బుజ్జి. మేస్త్రి హాజరు పుస్తకంలోనూ అవే రాస్తాడు. కార్డులో పేరు పక్క మడిలో దానిక్కూడా తెలీదు. ఆ రోజు గేటు దగ్గర 'మెల్లి వీరదుర్గ' అని పిలిస్తే అది పలకలేదు. ఎవర్నో పిలుస్తున్నాడనుకుని అదీ వెనక్కి తిరిగి చూసింది."

"మూడుసార్లు పిలిచాడొదినా. ఇక్కడ నీ కాగితంలో చూసుండబట్టి నేనే మోచేత్తో పొడిచాను, ఆ వీరదుర్గవి నువ్వేనే అని."

"విన్నావా బ్రహ్మం? ఆ పేరు దాని ఆధార్ కార్డులో ఉంది, ఈ కంప్యూటర్లో ఉంది. మూడోచోట లేదు. కార్డు దాని ట్రంకుపెట్టెలో ఉంది. కంప్యూటరు అప్పుడు నీ కొట్లో ఉంది. పెద్దతోట ఆఫీసుకీ నువ్వే వెళ్తావు."

"వెళ్తాను, ప్రింటరు పాడైతే. కడియంలో ముప్పై నర్సరీలకి వెళ్తాను. మీ చర్చిలో మైకు సెట్టూ నేనే బిగించాను. అదీ అనుమానమేనా?"

"మైకు మాట వేరు."

"నేను పవర్ డబ్బా మార్చాను. ఫ్యాను తిరిగింది, బీప్ వచ్చింది, ఆపేశాను. దానికి మానిటరే తగిలించలేదు. ఆ డబ్బా రాజమండ్రి నుంచి రావాలి కాబట్టి రెండ్రోజులు పట్టింది."

"సాక్ష్యం?"

"చెయ్యని పనికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తానండి? ఇంత అనుమానం పెట్టుకుని మరి నన్నెందుకు పిలిచారు?"

"ఇంకెవడూ లేడు కాబట్టి. ఈసారి కంప్యూటరు గది దాటదు. పని నా కళ్ళ ముందు జరుగుతుంది."

"బిగించమంటారా, వెళ్ళిపొమ్మంటారా?"

"బిగించు."

"అయితే స్విచ్ వెయ్యండి."

"నువ్వే వెయ్యి. నేను నీ చేతులు చూడాలి."

"వేశాను. చూడండి తనివితీరా."

"నీలంగా వచ్చి ఆగిపోయిందేంటి?"

"ఉండండి. ముసల్ది కదా, కొత్త కళ్ళద్దాలు అలవాటవ్వాలి. ఇదిగో, వచ్చింది."

"అక్షరాలు సాగదీసినట్టున్నాయి. లావుగా."

"కొలత సరిచెయ్యాలి. ఇప్పుడెలా ఉంది? ఇంతకంటే సన్నం ఈ కంప్యూటరు ఇవ్వలేదు. మీ కొట్టాయన వెంట్రుక కూడా కనపడతదని చెప్పుంటాడు. ఆ బొమ్మ దీనివల్ల కాదు. చదువుకోడానికి మాత్రం ఢోకా లేదు."

"వేణీ, అక్కణ్ణుంచి కనపడుతోందా?"

"టైము కూడా కనపడుతోందొదినా. ఒంటిగంట నలభై. మన కంప్యూటర్లో గడియారం ఉందని నాకు తెలీదు."

"నాకూ తెలీదు. ఎక్కడుంది?"

"కింద, కుడి చివరండి జ్ఞానమ్మ గారూ. పాతదాంట్లో అది నల్లపట్టీలో పడిపోయేది. అవునూ, దాని పక్కన మబ్బు బొమ్మ ఉందే. ఇది మీరు పెట్టుకున్నదా?"

"ఏ మబ్బు? మేమే మబ్బూ పెట్టలేదు. నువ్విప్పుడు పెట్టావా?"

"నా చేతులు చూస్తున్నారు కదండి. పెట్టానా?"

"లేదు."

"ఈ కంప్యూటరు అసలు మీకెక్కడిది?"

"పెద్దతోట వాళ్ళిచ్చిందే. సంఘం లేని రోజుల్లో. వాళ్ళాఫీసుకి కొత్తవి కొనుక్కుని, పాతది మా పిల్లల ట్యూషనుకని ఇచ్చారు. దండేసి ఫోటో కూడా తీయించుకున్నారు."

"దండ కంప్యూటరుకా?"

"కంప్యూటరుకే."

"ఇచ్చేముందు శుభ్రం చేసిచ్చారా? లోపలిదంతా తీసేసి?"

"పైన గుడ్డతో తుడిచారు."

"ఆ మబ్బు మీద నొక్కుతున్నాను. ఏ పేరొచ్చిందో మీరే చదవండి. నేను చదివితే నమ్మరు."

"నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టాను..."

"నాకు కనపడుతోందొదినా. పీ, ఈ, డీ, డీ, ఏ. పెద్దతోట. ఆఫీస్. పెద్దతోట ఆఫీస్ అని ఉంది."

"వాళ్ళ పేరు మా దాంట్లో ఎందుకుంది బ్రహ్మం?"

"వాళ్ళ ఖాతా తీసెయ్యకుండా ఇచ్చేశారండి. నెట్ ఉన్నప్పుడు మీరు ఈ ఫోల్డర్లో ఏ కాగితం దాచినా, దాని నకలు వాళ్ళాఫీసు కంప్యూటర్లోకి వెళ్ళిపోతుంది. అక్కడ కూర్చున్నవాడికి కొత్త కాగితం దానంతటదే కనపడుతుంది. ఎవడూ ఇక్కడికొచ్చి దొంగిలించక్కర్లేదు. మీరే పంపిస్తున్నారు."

"మేమే?"

"దీనికి నెట్ ఎప్పుడు పెట్టారు?"

"పోయిన నెల. నీ కొట్లోంచి తెచ్చిన మర్నాడు. వేణి ఫోన్లోంచి. అప్పటికే ఆ ముగ్గురి పేర్లు ఇందులో ఉన్నాయి."

"మరి?"

"మరేముంది. అదే వారం."

"అదే వారం."

"కావాలనే ఉంచుకున్నారంటావా వాళ్ళు?"

"మొదట మర్చిపోయుంటారండి. మీ అర్జీ కళ్ళబడ్డాక మాత్రం మర్చిపోయుండరు."

"నిన్ను అనుమానించాను బ్రహ్మం."

"తెలుసండి. ఇందాక నేను చేతులు కడుక్కోడానికి వెళ్తే సంచి కూడా వెతికారు."

"వేణి వెతికింది."

"నువ్వు చెప్తేనే కదొదినా. అందులో స్క్రూడ్రైవర్లు, ఈ మార్పిడి డబ్బా, సగం తిన్న బజ్జీ తప్ప ఏంలేవు."

"ఈ కాగితం పక్కన ఆకుపచ్చ టిక్కేంటి?"

"అవతల చేరిపోయిందని గుర్తండి. ఏ కాగితమది?"

"పొద్దున్న ప్రార్థన అవగానే వచ్చి టైపు కొట్టాను. ఆ ముగ్గురు పోగా సంతకం పెడతామన్నవాళ్ళు. నలభై ఏడు పేర్లు. కార్డుల్లో ఎలా ఉంటే అలా, ఒక్క తప్పు లేకుండా."

"నాదీనా వదినా?"

"నీదీ."

"నెట్ నువ్వే పెట్టమన్నావొదినా, లేబరాఫీసు అడ్రసు చూడాలని. పొద్దుట్నుంచీ ఆపలేదు."

"నేనే పెట్టమన్నాను."

"రేపు గేటు దగ్గర నలభై ఏడు పేర్లు చదువుతాడు. మా ఇంట్లో పనికెళ్ళేది నేనొక్కదాన్నే వదినా."

"నాకు తెలుసే."

"తీసెయ్యమంటారా? ఇక్కడ తీస్తే అక్కడా పోతుందండి."

"చదివేసుంటే?"

"చదివేసింది పోదు కదండి."

"ఆదివారం ఆఫీసులో ఎవరుంటారు?"

"ఉన్నారొదినా. రేపు పూణె వెళ్ళే లారీలు నాలుగు లోడవ్వాలి. చర్చికొస్తా చూశాను, ఆఫీసు తలుపులు తీసే ఉన్నాయి."

"నాలుగా?"

"నాలుగు. ఎత్తేది మనవాళ్ళే. బయటోళ్ళని పెడితే సగం మొక్కలు విరిచేస్తారు."

"తియ్యకు బ్రహ్మం."

"ఏంటండి?"

"ఆ పేర్లు అక్కడే ఉండనీ. కొత్త కాగితం తెరు. అక్షరాలు పెద్దవి చెయ్యి, వేణికి కనపడాలి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

"చెప్పండి."

"'పెద్దతోట యజమాని గారికి. మీరు మా కాగితాలు చదువుతున్నారని ఈరోజు తెలిసింది. మంచిదే. మీ గుమ్మంలో నిలబడి చదివి వినిపించే పని తప్పింది.'"

"వినిపించే పని తప్పింది. ఊఁ."

"'రేపు ఆరింటికి మేస్త్రిని గేటు దగ్గర పేర్లు చదవొద్దనండి. ఈ నలభై ఏడుగురం, మీరు ఆపేసిన ముగ్గురు, గేటు బయటే కూర్చుంటాం. తొడుగులు మా చేతికొచ్చి, ఆ ముగ్గురూ పనిలోకి వెళ్తేనే లారీలో మొక్క ఎక్కుతుంది.' కొట్టావా?"

"కొడుతున్నానండి."

"కొట్టు. 'లేబరాఫీసరు గారు ఏడింటికి అక్కడికే వస్తున్నారు, వీరదుర్గ చేతులు చూడ్డానికి. ఇట్లు, జ్ఞానమ్మ.' వేణీ, చదువు."

"చదివానొదినా. ఒక్క ముక్క వదల్లేదు. బాగుంది. భయంగా కూడా ఉంది."

"ఆ ఫోల్డర్లోనే పెట్టు బ్రహ్మం."

"పెడుతున్నాను. లేబరాఫీసరు గారు నిజంగా వస్తానన్నారా అండి?"

"ఆయనకింకా తెలీదు. టిక్కు పడిందేమో చూడు."