కొంగులో గంజి

ఓబుళమ్మని, మా జేజి, అదే మా నాయనమ్మ. ఆమె కొత్త కోడలుగా ఉన్నప్పటి మాట ఇది తల్లీ. పెద్ద కరువంట. బావుల్లో రాళ్లు తేలినాయంట. మొగుడేమో గొడ్లను తోలుకొని గడ్డి దొరికే తావుకు పోయినాడు. ఇంట్లో ఈమె, కాళ్లు వాచి మంచం పట్టిన అత్త చెన్నక్క, ఇద్దరే. అప్పుడేమైందంటే, సర్కారోళ్లు పక్కూర్లో గంజి పోసే కొట్టం పెట్టినారు. మంచి పనే, కాదనకూడదు. అయితే దానికొక కట్టడి. వచ్చి వరసలో కూర్చున్నోళ్లకే గంజి, ఆడే తాగాల, ఇంటికి చుక్క తీసకపోకూడదు. తీసకపోయి అమ్ముకుంటారని వాళ్ల భయం. మా జేజి ఒకనాడు అత్తను వీపున మోసుకొని బయల్దేరిందంట. దోవలోనే ముసలామె కండ్లు తేలేసింది. మళ్లీ మోసుకొచ్చి పండబెట్టింది.

ఇంకేం చేస్తుంది, నువ్వే అనుకో. సగం గంజి తాను తాగేది. తతిమ్మా సగం, అటూ ఇటూ చూసి, ఒళ్లో పెట్టుకున్న కొంగులోకి వంచేది. గుడ్డ తాగినంత తాగేది. ఆ తడికొంగు చంకన ఇరికించుకొని ఇంటికొచ్చి ముంతలోకి పిండేది. పిండితే ఎంతొస్తాది? గుక్కెడు. ఆ కొంగుతో చెమట గూడా తుడుసుకునేది కాదంట, అది మా అత్త గిన్నె అనేది. చెన్నక్క ఆ గుక్కెడూ నరసింహస్వామికి చూపించనిదే నోట పెట్టదు. "ఎవురింటిది మ్మే ఓబుళా?" అనేదంట. "మనింటిదే అత్తా." "మనింట్లో యాడిది మ్మే?" "నువ్వు తాగత్తా, సామి గూడా చూసేసినాడు, ఇంక నీదే ఆలస్యం."

ఇట్ల జరగతా ఉంటే, ఎండిన నేల కదా, కొంగునుంచి కారిన చుక్కల ఎంబడి చీమలు బారు కట్టినాయంట, కొట్టం వాకిలినుంచే. గంజి పోయించే మేస్త్రీ గుర్రప్ప చూసినాడు. మరుసనాడు ఈమెను నిలబెట్టి, "ఏం మే, సర్కారు గంజి దొంగలిస్తావా?" అన్నాడు. "నా పాలు గంజే అన్నా, నేను తాగకుండా మా అత్తకు..." "కడుపులో పోసుకుంటే నీ పాలు, కొంగులో పోసుకుంటే సర్కారుది. పిండు!" అందరి ముందర దుమ్ములోకి పిండించినాడు. చెడ్డోడు కాదంటలే, ఆమె పిండేటప్పుడు మొగం అవతలికి తిప్పుకున్నాడంట. ఆ పొద్దునుంచి ఆడోళ్లందరూ పోయేముందు కొంగు దులిపి చూపించాల్సిందే.

చెన్నక్క ఎన్నాళ్లు తట్టుకుంటుంది? "మనింట్లో అయిపోయిందా ఓబుళా?" అని అడిగిందంట ఒకపారి. అంతే. మళ్లీ అడగలేదు, పోయింది. ఆమెను పూడ్చినాక పైనుంచి కొత్త హుకుం వచ్చింది, నడవలేనోళ్లకు ఇంటికే పోయి పోసిరావాలని. ఆ గుర్రప్పే కావిడి మోసుకొని వాకిట్లోకి వచ్చినాడు. పక్కూరోడు కదా, సంగతి తెలీదు. "ఏమ్మా, మీ అత్తకు గంజి తెచ్చినా. గిన్నె తే" అన్నాడు. మా జేజి లోపలికి పోలేదు. కొంగు పరిచి, దోసిలి మాదిరి పట్టుకునింది. "పోయన్నా" అనింది. గరిటె కుండలో ముంచినోడు ముంచినట్టే నిలబడిపోయినాడంట.

హుకుం మంచిదే. కాస్త ముందు రాకూడదా సామీ అని దీపం పెట్టినప్పుడల్లా నేను అడుగుతా. మా ఇంట్లో ఆడోళ్లం ఈ పొద్దుకీ అన్నం తిని కొంగుకు చెయ్యి తుడుసుకోము. కొత్త కోడండ్లు నవ్వుకుంటారు, ఇదేం మడి అత్తా అని. మడి కాదమ్మా. అది చెన్నక్క గిన్నె.