గుల్చా పెళ్ళిలో ఎర్గెష్ బైకే నల్ల పెట్టె

"దాన్నా కొన్నావు? సంచీలో పెట్టెయ్ ఇలియాజ్, నలుగురూ చూస్తే నవ్వుతారు," అన్నాడు ఎర్గెష్ బైకే, టీ గిన్నె పెదాల దగ్గర్నుంచి తియ్యకుండానే.

ఓష్ ఊరి బజారు వెనక టీకొట్లో నలుగురం కూర్చున్నాం. ఇలియాజ్ చలికాలమంతా కార్లు కడిగి, ఆ పొద్దున్నే తన బాస్ గిటారుకి ప్రీయాంప్ పెట్టె కొనుక్కొచ్చాడు. గిటారు వైరు దీంట్లోకి, దీంట్లోంచి ఇంకో వైరు సౌండు బల్లకి. మధ్యలో బక్క శబ్దానికి కండ పట్టించి హోరు తీసేస్తుంది. మర్నాడు పెళ్ళిలో వాడి మొదటి వాయింపు. బైకే అంటే మాకు అన్న లెక్క. ఆ అన్నగారు తన పాత నల్ల పెట్టెను వాడి ముందుకు తోశాడు.

"ఇది నువ్వుంచుకో, అది నాకు పడెయ్. పెద్దవాణ్ణి, నీకోసం నష్టపోతాను."

కుర్రాడు తన కొత్త పెట్టె వైపు దిగులుగా చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇంతకీ దీని గొప్పేంటి బైకే?" అన్నాను.

"దీని గొప్పా? గుల్చాలో ఆ గొర్రెల కామందు కొడుకు పెళ్ళి. జిపార్, సౌండు బల్ల దగ్గర నువ్వే కదా?"

"నేనే," అంది జిపార్, మాంసం కూరిన సమ్సా నములుతూ.

"విన్నారా, సాక్షి కూడా ఉంది! హాలంతా ఒకటే హోరు, గుయ్యిమని, వంటింటి మోటారుదో దేనిదో. నేను ఈ మూల మీట నొక్కాను. టక్! హోరు ఆగింది. అంతే, పెద్ద గొప్పేం కాదు, ఎవడైనా చేస్తాడు. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్ళో ఉన్న ఫ్రిజ్జులన్నీ కూడా నోరు మూసుకున్నాయి!"

"మరి మాంసం పాడైపోలేదా?" అన్నాను.

"పాడవదు, చల్లగానే ఉంది, చప్పుడే లేదు. మధ్యలో అడ్డు రాకు. అప్పుడు ఈ లావు శబ్దం బిళ్ళ ఇంత తిప్పాను, గోరంత. గిన్నెలు తాళానికి తగ్గట్టు గెంతడం మొదలెట్టాయి, ఒక్క చుక్క టీ ఒలికితే ఒట్టు! ఇరవయ్యేళ్ళుగా చెవుడున్న పెళ్ళికూతురి మామ్మ లేచి, 'ఎవరే ఆ బాస్ వాయించేది, బంగారం లాంటి కుర్రాడు' అంది."

"నిన్ను కుర్రాడందా?"

"చెవులే వచ్చాయి, కళ్ళింకా రాలేదు. ఇంకో గోరంత తిప్పాను. ఏటి అవతల మందలో గుర్రాలు తాళ్ళు తెంపుకుని వచ్చి హాలు గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డాయి. ఏరు ఆగింది! నీళ్ళు నిలబడి వింటుంటే చేపలు కాళ్ళున్నట్టు ఒడ్డు మీద నడిచి వెళ్ళాయి. ఇలియాజ్, నోరు మూసుకో, ఈగలు దూరతాయి. ఇక బిళ్ళ సగానికి తిప్పానో లేదో, కొండ మీద మంచు పెళ్ళున విరిగింది, సరిహద్దుకి అవతల సైనికులు తుపాకులు కింద పెట్టి భుజాలు ఊపారు, భూకంపాల ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి 'అయ్యా, తగ్గిస్తారా, మా సూది కాగితం దాటిపోతోంది' అని బతిమాలారు. నేనేమన్నానో తెలుసా? 'ఇదింకా సగమే' అన్నాను!"

ఇలియాజ్ చెయ్యి మెల్లగా ఆ నల్ల పెట్టె మీదికి వెళ్ళింది. నేను జిపార్ వైపు చూశాను.

జిపార్ చేతులు తుడుచుకుని ఆ పెట్టె అందుకుంది. వెనక మూత తీసి చూపించింది. లోపల బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ.

"ఇప్పటికీ పెట్టలేదా బైకే? ఆ పెళ్ళిలో మొదటి పాట మొదలవకముందే గాయకుడి మైకు చచ్చిపోయింది. దీంట్లో బ్యాటరీ నేనే తీసి దాంట్లో వేశాను. బ్యాటరీ లేకుండా ఇది కూత కూడా కుయ్యదు."

"మరి బాస్ వినపడింది కదా!" అన్నాడు ఇలియాజ్.

"రికార్డులోది. మన పెళ్ళిళ్ళలో పాటంతా ముందే రికార్డు చేసి తెస్తారు, గొంతొక్కటే అక్కడికక్కడ. ఎవరైనా బాగా వాయిస్తే రికార్డులో ఆ వాద్యం ఆపి వాళ్ళ లైను తెరుస్తాను. బైకే అయితే నవ్వుతూ ఊగుతూ ఉంటాడు, ఫోటోల్లో బాగుంటాడు."

బైకే వెంటనే అందుకున్నాడు. "చూశారా! బ్యాటరీ లేకుండానే ఏరు ఆగిందంటే, ఇక బ్యాటరీ వేస్తే..."

ఎవరూ వినలేదు. ఇలియాజ్ తన కొత్త పెట్టెను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఎజె, రేపు నా లైను తెరుస్తావా?" అన్నాడు జిపార్‌తో, అక్కని పిలిచినట్టు.

"తాళం తప్పకుండా వాయిస్తే తెరుస్తాను."

"తప్పితే?"

"మూసేస్తాను. భయపడకు, నీకు తెలీదులే. ఇన్నేళ్ళుగా ఎర్గెష్ బైకేకి తెలిసిందా?"