బిషప్ గారి కేక

మావిస్ టిల్స్‌లీకి అరవై ఎనిమిదేళ్లు. ఏ దేశం వెళ్లినా టీ పొడి ఇంటి నుంచే పట్టుకెళ్తుంది. ఆ పొద్దున ఇంగ్లండులోని డడ్లీలో, తన వంటింట్లో, నోరు విప్పకూడని మొగుడితో ఇలా అంది.

పలక కింద పెట్టు, నెవిల్. డాక్టరు నిన్ను పదిరోజులు గొంతు వాడొద్దన్నాడు గానీ, సుద్దముక్కతో నా మాటకు అడ్డు రమ్మనలేదు. నలభై నాలుగేళ్ల కాపురంలో నాకింత నిశ్శబ్దం ఎప్పుడూ దొరకలేదు. కాస్త వాడుకోనీ.

నువ్వు పాడే మీ రాక్ బ్యాండుకి ఇది మూడో వీడ్కోలు టూర్. మొదటి వీడ్కోలుకి నేను నిజంగానే ఏడ్చాను, తెలుసా? రెండోదానికి జనం ఏడ్చారు. దీనికి ఎవరేడవాలి, లారీ డ్రైవర్లా? సరే, వెళ్లు. డెబ్బై ఏళ్లకు తోలు ప్యాంటు తొడుక్కుని ఇరవై మూడు ఊళ్లు తిరుగు. వద్దన్నానా? ఆ ప్యాంటు నడుము దగ్గర వదులు చేసింది కూడా నేనే.

నా గోడు అది కాదయ్యా. ఇదిగో, అభిమానులకు అమ్మే ఈ టూర్ పుస్తకం. నిన్న ప్రెస్సు నుంచి వచ్చింది. చివరి పేజీ చదువుతా, విను. గిటార్లు శ్రుతి చేసేవాడి పేరుంది. స్టేజీ మీద మంటలు పుట్టించేవాడి పేరుంది. డ్రమ్మర్ కుక్క పేరుంది, నెవిల్, కుక్క పేరు. అట్టడుగున, "ఓపికకూ, టీకీ గాను మావిస్‌కు కృతజ్ఞతలు."

టీకి.

పన్నెండేళ్లుగా ఆఖరి పాటలో ఆ కేక ఎవరిది? నువ్వు తల వెనక్కి వాల్చి, చేతులు చాచి, నోరు ఇంత తెరుస్తావు. స్పీకర్ల వెనక నల్లగుడ్డ చాటున నిలబడి, ఒక్క ఊపిరితో పదకొండు సెకన్లు అరిచేదెవరు? చర్చిలో పై స్వరాలన్నీ నావేనని తెలుసు కనకే కదా, నీ గొంతు దెబ్బతిన్న ఏడాది వచ్చి బతిమాలావు, "ఈ ఒక్క టూర్‌కే, మావీ" అని. మీ నలుగురికీ, శబ్దం చూసుకునే డెస్మండ్‌కూ తప్ప ఇది ఎవరికీ తెలియదు. నీ స్టేజీ పేరు పట్టుకుని "బిషప్ గొంతులో ఇంకా ఉక్కు కరుగుతోందిరా" అనుకుంటూ పోతారు జనం. నేను పక్కనే చిప్స్ తింటూ వింటుంటాను.

తలూపకు. నిరుడు మాటిచ్చావు, ఈసారి పుస్తకంలో "కేక: మావిస్ టిల్స్‌లీ" అని వేయిస్తానని. అడిగింది అంతే.

ఏమిటా రాత? "అభిమానుల గుండె పగులుతుంది"? నాది ఏ రేకుతో చేశారు మరి? వాళ్లు మీరు తిరిగిన ఊళ్ల పేర్లు చొక్కా వీపు మీద వేసుకుని తిరుగుతారు. ఆ ఊళ్లన్నిట్లో నేనూ ఉన్నాను. గోథెన్‌బర్గ్‌లో జ్వరంతో అరిచాను. మా అమ్మ పోయిన వారం లియాన్‌లో అరిచాను. దిగి వచ్చి "ఇవాళ అదిరింది" అన్నావు.

ఇంకో మాట. సుద్ద కూడా పక్కన పెట్టు.

రోటర్‌డామ్‌లో కేక రాలేదు, గుర్తుందా? పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నవాడిలా నోరు తెరుచుకుని అంతమంది ముందు నిలబడ్డావు. మైకు బాగానే ఉందని డెస్మండ్ మొత్తుకున్నాడు. పలకలేదని నేనన్నాను. ఇరవై ఆరేళ్లు మీతో తిరిగిన మనిషిని ఆ వారమే ఇంటికి పంపావు.

మైకు బాగానే ఉంది. నేనే నోరు తెరవలేదు. ఆ సాయంత్రం ఎవరో పత్రికవాడితో నువ్వు "రహస్యమేముంది, రోజూ తేనె, క్రమశిక్షణ" అంటుంటే విన్నాను. ఒక్కసారి ఆ తేనెనే అరవనిద్దాం అనుకున్నాను.

డెస్మండ్ పెట్టె సర్దుకుంటూ నావైపు చూశాడు. నేను టీ కలిపి ఇచ్చాను. నీ మీద కోపంతో అతని నోట్లో మన్ను కొట్టి, చేతికి టీ ఇచ్చాను. ఇంతవరకూ అతను మన గుట్టు ఎవరికీ చెప్పలేదు, నెవిల్. అతని పేరూ లేదు ఈ పుస్తకంలో. వెతికాను.

పుస్తకంలో నా గురించి రాసింది అబద్ధం కాదేమోలే. అతనికి నేనిచ్చింది ఆ టీయే.

నీళ్లు తాగు. గొంతు జాగ్రత్త. ఈసారి దాంతో పని పడుతుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె డెస్మండ్ ఇంటికి వెళ్లి, అతని భార్య ఎదుటే జరిగింది చెప్పింది. నాటింగ్‌హామ్‌లో టూర్ మొదలైన రోజున ఆమె వెళ్లలేదు. ఆఖరి పాటలో ఆ పదకొండు సెకన్లూ డ్రమ్ములు మాత్రమే మోగాయి.